చదువుకో అనకుండా చదివించడం ఎలా? ఒకటి నుంచి ఐదో తరగతి పిల్లల కోసం

సాయంత్రం ఏడు కాగానే మన ఇళ్లలో వినిపించే మాట ఒకటుంది: "టీవీ కట్టేసి చదువుకో." దానికి అర్థమేమిటో పిల్లలందరికీ తెలుసు. సంచిలోంచి పాఠ్యపుస్తకం తీయాలి, ప్రశ్నకు జవాబు బట్టీ పట్టాలి, తర్వాత ఒప్పజెప్పాలి. పిల్ల బొమ్మల కథల పుస్తకం తెరిస్తే "అది తర్వాత చూడొచ్చు, ముందు చదువుకో" అంటాం. కథ చదవడం చదువు కాదని అలా మనమే నేర్పిస్తున్నాం.

పదిహేడేళ్లుగా మండల పరిషత్ ప్రాథమిక బడుల్లో పాఠాలు చెబుతున్నాను. పిల్లలు పుస్తకానికి దూరమవడానికి ఫోన్‌ది ఎంత తప్పుందో, చదవడాన్ని ఎప్పుడూ పరీక్షతో కలిపి ఇచ్చిన మనదీ అంత తప్పుంది. ఈ రెంటినీ విడదీయగలిగితే సగం పని అయినట్టే. మిగతా సగం ఓపికతో రోజూ చేయాల్సిన చిన్న చిన్న పనులు. నేను చేసి చూసినవే ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

సమస్య ఎంత పెద్దదో తెలియాలంటే ఒక్క లెక్క చాలు. పల్లెల్లో ఇంటింటికీ తిరిగి పిల్లల చదువు చూసే ప్రథమ్ సంస్థ వారి 2024 అసర్ సర్వే ప్రకారం దేశంలో ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి పాఠం చదవగలిగినవాళ్లు 23.4 శాతం. మూడో తరగతిలో చదవడం రాని పిల్లకి నాలుగులో పరిసరాల విజ్ఞానం రాదు, ఐదులో లెక్కల ప్రశ్న అర్థం కాదు.

మొదటి పని: పిల్ల ఏ మెట్టు మీద ఉందో చూడండి

దీనికి ఐదు నిమిషాలు చాలు. పాఠ్యపుస్తకంతో మాత్రం చేయకండి. ఒకసారి రెండో తరగతి పిల్లాడొకడు నా పక్కన కూర్చుని పాఠం గడగడా చదివేశాడు. గొంతులో ఎక్కడా తడబాటు లేదు, వేలు మాత్రం చదువుతున్న లైనుకి రెండు లైన్ల కింద ఉంది. మెల్లగా పేజీ తిప్పాను. వాడు ఆగకుండా పాత పేజీనే చదువుతూ పోయాడు. తరగతంతా కలిసి అరిచి చదివీ చదివీ ఆ పాఠం వాడికి పాటలాగా నోటికొచ్చేసింది. అందులోని ఒక్క మాట చూపించి "ఇదేంటి నాన్నా?" అంటే బిక్కమొహం వేశాడు. అంతకుముందు వాడికి మంచి గ్రేడు వేసింది నేనే.

అందుకే పిల్ల ఎప్పుడూ చూడని రాత కావాలి. ఒక తెల్ల కాగితం మీద పెద్ద అక్షరాలతో నాలుగు భాగాలు రాయండి: ఐదారు అక్షరాలు, ఐదారు చిన్న మాటలు, నాలుగు చిన్న వాక్యాలు, వత్తులున్న ఏడెనిమిది వాక్యాల కథ. కథతో మొదలుపెట్టండి. రాకపోతే వాక్యాలకు, అక్కడా రాకపోతే మాటలకు దిగండి. కథ చదివితే "ఏం జరిగింది?" అని ఒక్క ప్రశ్న అడగండి. అక్షరాల దగ్గరే ఉన్నవాళ్లు, కూడబలుక్కుని చదివేవాళ్లు, ధారాళంగా చదివేవాళ్లు అని మూడు జట్లు మీకే కనిపిస్తాయి. తోటి పిల్లల ముందు కాకుండా వరండాలో ఒక్కొక్కరినే కూర్చోబెట్టి చేయండి, మార్కులు వేయకండి.

ఇంకో సంగతి. పుస్తకం ముక్కుకి ఆనించుకునే పిల్ల, నల్లబల్ల కనబడక పక్కపిల్ల నోటుబుక్కు చూసి రాసుకునే పిల్ల మొద్దు కాదు. ముందు కళ్ల పరీక్ష చేయించండి. కళ్లజోడు వచ్చిన నెలలోనే చదవడం మొదలుపెట్టిన పిల్లలు నా తరగతిలోనే ఉన్నారు.

చిన్న తరగతుల్లోనే పిల్లలకు చదవడం, లెక్కలు రావాలని కేంద్ర ప్రభుత్వం పెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం 2021లో మొదలైంది. మూడో తరగతి అయ్యేసరికి పిల్లలు నిమిషానికి కనీసం 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలని లక్ష్యం పెట్టింది. టీచరుకి అది పనికొచ్చే కొలత. కానీ పిల్ల ఎదురుగా గడియారం పట్టుకుని కూర్చుంటే వేగమే మిగులుతుంది, అర్థం పోతుంది. లెక్క మీ పుస్తకంలో రాసుకోండి, పిల్లకి చూపించనక్కర్లేదు.

వత్తుల దగ్గర ఆగిపోయిన పిల్లలు

తెలుగు చదవడంలో అసలు ఇబ్బంది ఇక్కడే ఉంది కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను. మూడు, నాలుగు తరగతుల్లో చదవలేని పిల్లలకు చాలామంది మళ్లీ "అ ఆ ఇ ఈ" నుంచి మొదలుపెడతారు. తొమ్మిదేళ్ల పిల్లాణ్ణి ఒకటో తరగతి పిల్లల మధ్య కూర్చోబెట్టి వర్ణమాల దిద్దిస్తే వాడికి సిగ్గు తప్ప ఏమీ రాదు. వాడికి చాలా అక్షరాలు వచ్చు. ఎక్కడో పదిహేను రావు. ఆ పదిహేను ఏవో కనుక్కుంటే చాలు. ప, ష, స ఒకటిగా కనిపిస్తాయి. మ, వ కలిసిపోతాయి. ద, ధ తేడా తెలియదు. అలాంటి జంటలను పక్కపక్కన రాసి, తేడా ఉన్న చోట రంగు పెన్సిల్‌తో గుర్తు పెట్టమంటే పిల్లలే పట్టేస్తారు.

ఇక వత్తులు. తలకట్టు, దీర్ఘం, గుడి, కొమ్ము అన్నీ అయ్యాక చివర్లో వత్తులు చెప్పడం మనకు అలవాటు. కానీ పిల్లల నోట మొదట వచ్చే మాటలు చూడండి: అమ్మ, నాన్న, అక్క, అన్న, అవ్వ, బువ్వ, పప్పు, అన్నం, కుక్క, పిల్లి, బొమ్మ, బస్సు. అన్నింట్లోనూ వత్తే! పిల్ల రోజూ పలికే మాటలను చివరికి నెట్టి, ఎప్పుడూ అనని "ఈల, ఊయల, ఓడ" ముందు నేర్పిస్తున్నాం. కొన్ని అక్షరాలు రాగానే నేను ఈ ఇంటి మాటలను అట్టముక్కల మీద రాసి ఇచ్చేస్తాను. మాట ముందే తెలుసు కాబట్టి "మ కింద ఉన్నది కూడా మ" అని పిల్లే కనిపెడుతుంది.

తర్వాత వరుస ఇలా పెట్టుకోండి. ముందు అదే అక్షరం కింద అదే వత్తు వచ్చే ద్విత్వాలు. వాటిలోనూ జ్జ, ట్ట, డ్డ లాంటివి తేలిక, ఎందుకంటే వత్తు అక్షరం పోలికలోనే ఉంటుంది. త, న, మ, య, ర, ల వత్తులు అలా ఉండవు. ఈ ఆరింటికి ఒక్కోదానికి రెండు మూడు రోజులు కేటాయించండి: అత్త, వెన్న, చెమ్మ, అయ్య, గొర్రె, గొల్ల. ద్విత్వాలు కుదిరాకే చక్రం, పద్యం, పుస్తకం లాంటి సంయుక్తాక్షరాలు. క్ష, జ్ఞ, ఋ కోసం ప్రత్యేకంగా తరగతి అక్కర్లేదు, కథల్లో ఎదురైనప్పుడు చెబితే సరిపోతుంది.

పిల్ల కూడబలుక్కుంటూ "బ... స్సు" అంటున్నప్పుడు నోట్లోంచి మాట లాగేసుకోకండి. మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టేదాకా ఆగండి. అప్పటికీ రాకపోతే మీరే మామూలుగా చెప్పేసి ముందుకు పోనివ్వండి. ఒక వాక్యంలో నాలుగుసార్లు ఆపి దిద్దితే కథ ఏమిటో పిల్లకు గుర్తుండదు.

ఇంకో మాట తప్పకుండా చెప్పాలి. పుస్తకంలో "వెళ్ళాడు" అని ఉంటే తెలంగాణ పల్లెలో పిల్లాడు "పోయిండు" అని చదవొచ్చు. శ్రీకాకుళం పిల్ల తన యాసలో అనొచ్చు. అది తప్పు చదవడం కాదు. వాక్యం అర్థమై, దాన్ని తన ఇంటి మాటలోకి మార్చుకున్నాడు. ఊరికే నోటికొచ్చింది చదివే పిల్లాడు అలా మార్చలేడు. "బాగా చదివావు, పుస్తకంలో ఎలా రాశారో కూడా చూడు" అంటే చాలు. ఇంట్లో గోండి, కోయ, సవర, లంబాడీ మాట్లాడే పిల్లలైతే తెలుగులో చదివి అర్థం తమ భాషలో చెప్పనివ్వండి. వాళ్లు చేస్తున్నది రెండింతల పని.

పుస్తకాలు ఎక్కడివి, ఎక్కడ పెట్టాలి

ముప్పైమంది పిల్లలున్న బడికి వంద పుస్తకాలుంటే మొదలుపెట్టొచ్చు. ఇంటికైతే పది చాలు, మారుస్తూ ఉండాలి. ఒకటి, రెండు తరగతులకు పేజీకి ఒకటి రెండు వాక్యాలు, నిండా బొమ్మలు. మూడుకి పేజీకి నాలుగైదు వాక్యాలు. నాలుగు, ఐదు తరగతులకు చిన్న కథలు, జంతువుల గురించి, నక్షత్రాల గురించి, యంత్రాల గురించిన పుస్తకాలు. మగపిల్లల్లో కొందరు కథ ముట్టుకోరు కానీ ట్రాక్టరు ఎలా పనిచేస్తుందో రాసిన పుస్తకం వదలరు. అదీ చదవడమే.

ఒక పుస్తకం పిల్లకు సరిపోతుందా లేదా తేల్చడానికి తేలికైన పద్ధతి ఉంది. ఏదో ఒక పేజీ చదవమనండి, రాని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు మడవమనండి. పేజీ అయ్యేలోపు ఐదు వేళ్లూ మడిస్తే అది ఇప్పటికి కష్టం. మీరు చదివి వినిపించడానికి పక్కన పెట్టండి.

సికింద్రాబాద్ తార్నాకలోని మంచి పుస్తకం, నేషనల్ బుక్ ట్రస్ట్, ప్రథమ్ బుక్స్ పిల్లల కోసం తెలుగులో తక్కువ ధరకు వేసిన పుస్తకాలు చాలా ఉన్నాయి. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ సైటులో తెలుగు కథలు నాలుగు స్థాయిల్లో ఉచితంగా దొరుకుతాయి, ప్రింటు తీసుకోవచ్చు. మన ఊళ్లోనో మండల కేంద్రంలోనో ఉన్న శాఖా గ్రంథాలయాన్ని మర్చిపోకండి. ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నది మనమే. నెలకొకసారి పిల్లను తీసుకెళ్లి, తన పేరు మీద సభ్యత్వం కట్టించి, తన చేత్తోనే పుస్తకం ఎంచుకోనివ్వండి.

ఇక పెట్టే చోటు. చాలా బడుల్లో మంచి పుస్తకాలు బీరువాలో తాళం వేసి ఉంటాయి. చిరిగితే, పోతే లెక్క చెప్పాలన్న టెన్షన్ టీచరుకి నిజంగానే ఉంటుంది, నాకూ ఉండేది. కానీ తాళం వేసిన పుస్తకం కొత్తగా ఉండి ఎవరికి లాభం? తరగతి గోడకి రెండు మేకులు కొట్టి, పిల్లల ఎత్తులో దండెం కట్టి, బట్టల క్లిప్పులతో పుస్తకాలు తగిలించండి. అట్ట మీది బొమ్మ కనిపించాలి. వెన్ను మాత్రమే కనిపిస్తే చదవడం రాని పిల్లకు అన్నీ ఒకటే. వారానికోసారి సగం పుస్తకాలు మార్చండి. పాత క్యాలెండరు కాగితంతో అట్టలు వేయడం, చిరిగినవి అతికించడం ఐదో తరగతి పిల్లలకు అప్పగిస్తే ఎంత శ్రద్ధగా చేస్తారో చూడాలి.

పుస్తకమే మనిషి దగ్గరకు వెళ్లాలన్న ఆలోచన మనకు కొత్తది కాదు. 1935లో గ్రంథాలయోద్యమంలో పనిచేసిన పాతూరి నాగభూషణం గారు గుంటూరు జిల్లాలో కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి ఊరూరా తిప్పారు. గోడకి ఒక దండెం కట్టడం మనకెంత పని?

చదివి వినిపించడం

అన్నింటికన్నా బాగా పనిచేసిందేదంటే ఇదే చెబుతాను. రోజూ పది నిమిషాలు చాలు. ముందురోజే కథ ఒకసారి మీరు చదువుకోండి. పిల్లలను అర్ధచంద్రంలా కూర్చోబెట్టి, పుస్తకం వాళ్ల వైపు తిప్పి పట్టుకోండి. మొదట అట్ట మీది బొమ్మ చూపించి "ఇందులో ఏం జరుగుతుందనుకుంటున్నారు?" అనండి. చదువుతూ మాటల కింద వేలు కదిలించండి. నక్క మాటకి నక్క గొంతు, ముసలవ్వ మాటకి ముసలవ్వ గొంతు పెట్టండి, మొహమాటపడకండి. పేజీ తిప్పే ముందు ఒక్క క్షణం ఆగండి. ఆ ఆగిన చోటే వెనక వరసలో పిల్లాడు మోకాళ్ల మీద లేస్తాడు.

కథ అయ్యాక "ఇందులో నీతి ఏమిటి?" అని అడగకండి. ఈ ఒక్క ప్రశ్న మీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది. అది అడిగిన మరుక్షణం కథ పాఠమైపోతుంది, పిల్లల మొహాలు పరీక్ష మొహాలవుతాయి. "నువ్వైతే ఏం చేసేవాడివి?", "నీకెవరు నచ్చారు, ఎందుకు?" అనండి. ఏమీ అడగకపోయినా నష్టం లేదు. అదే కథ మళ్లీ చదవమంటే విసుక్కోకుండా చదవండి. మూడోసారికి మీతో పాటు పలుకుతారు, నాలుగోసారికి వాళ్లే చదవడానికి తీసుకుంటారు.

చదవడం వచ్చేసిందని నాలుగో తరగతిలో వినిపించడం మానేయకండి. తాము ఇంకా చదవలేని పెద్ద కథలు వాళ్లకు చెవి ద్వారానే అందుతాయి.

బడిలో రోజూ ఇరవై నిమిషాలు

మధ్యాహ్న భోజనం తర్వాత ఇరవై నిమిషాలు బడంతా చదవాలి. టీచరు కూడా. ఆ సమయంలో రికార్డులు రాస్తూ కూర్చుంటే ఇది పిల్లల పనే కానీ పెద్దల పని కాదని వాళ్లకు తెలిసిపోతుంది. ఎవరికి నచ్చింది వాళ్లు తీసుకోవాలి, నచ్చకపోతే మధ్యలో మార్చుకోవచ్చు. బొమ్మలు మాత్రమే చూసే పిల్లను అలాగే చూడనివ్వండి. మొదటి వారం గోలగా ఉంటుంది, మూడో వారానికి సర్దుకుంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో "చదవడం మాకిష్టం", తెలంగాణలో 2022లో వంద రోజుల పఠన కార్యక్రమం వచ్చాయి. కార్యక్రమం ముగిసినా ఈ ఇరవై నిమిషాలను మాత్రం వదలకుండా పెట్టుకున్న బడే లాభపడుతుంది.

ఐదో తరగతి పిల్లకు రెండో తరగతి పిల్లను జత చేయండి. పెద్దపిల్ల చదివి వినిపించాలి కాబట్టి ముందుగా ఇంట్లో చదువుకుని వస్తుంది. వెనకబడిన ఐదో తరగతి పిల్లాడికి ఇది మరీ మేలు: చిన్న పుస్తకం చదువుతున్నానన్న సిగ్గు ఉండదు, చెల్లికి చదివి పెడుతున్నానన్న పెద్దరికం ఉంటుంది.

శుక్రవారం ఇంటికి పుస్తకం ఇవ్వండి. రిజిస్టరు పిల్లలే రాయాలి. ఎన్ని పుస్తకాలు చదివితే అంత బహుమతి అనే పోటీ పెట్టకండి, పేజీలు తిప్పేసి వచ్చి లెక్క చెబుతారు. చదవడం రాని పిల్లను నిలబెట్టి చదివించడం ఎప్పుడూ వద్దు.

ఇంట్లో

"మాకే చదువు రాదు సార్, మేమేం చదివిస్తాం?" అని తల్లులు అడుగుతారు. మీకు చదువు రాకపోయినా పరవాలేదమ్మా అని నేను చెప్పేది ఇదే: అన్నం వండేటప్పుడు పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని "ఆ పుస్తకంలో ఏముందో నాకు చెప్పు" అనండి. బొమ్మ చూసి "ఈ పిల్లి ఎందుకు ఏడుస్తోంది?" అని అడగండి. తప్పు చదివిందేమో అన్న భయం వద్దు. వినే మనిషి ఉంటే పిల్ల చదువుతుంది.

కొన్న పుస్తకాలే ఉండాలని లేదు. శుభలేఖ వచ్చిందా, పిల్లతో చదివించండి: పెళ్లికూతురు పేరేంటి, ముహూర్తం ఎన్నింటికి? ఆర్టీసీ బస్సు బోర్డు, గోడ మీది క్యాలెండరు, బియ్యం బస్తా మీది రాత, పేపర్లో పిల్లల పేజీ. కిరాణా చీటీ పిల్ల చేత రాయించి, కొట్టు దగ్గర తనతోనే చదివించండి.

మా బడిలో ఒక అమ్మాయి ఉండేది, మూడో తరగతి. పుస్తకం ఇస్తే పక్కన పెట్టేసేది. వాళ్ల నాయనమ్మ మాత్రం కథలు బాగా చెబుతుందని వినికిడి. రెండు తెల్ల కాగితాలు ఒకదాంట్లో ఒకటి పెట్టి, మధ్యకి మడిచి, దారంతో కుట్టి ఎనిమిది పేజీల పుస్తకం చేసి ఇచ్చాను. "నాయనమ్మ చెప్పిన కథ ఇందులో రాసుకురా, పేజీకి ఒక్క వాక్యం, కింద బొమ్మ" అన్నాను. నాలుగు రోజులు పట్టింది. చెరువులో మొసలి కథ. "మొసలి" అని రాయాల్సిన చోట మూడు రకాలుగా రాసింది. మొసలికి ఎర్ర పెన్సిల్‌తో పళ్లు. అట్ట మీద తన పేరు, దాని పైన నాయనమ్మ పేరు. దాన్ని మిగతా పుస్తకాల పక్కనే దండేనికి తగిలించాం. మధ్యాహ్నం దాని కోసం పిల్లలు కొట్టుకున్నారు. తను రాసింది కాబట్టి ఆ పిల్ల అందరికీ చదివి వినిపించాల్సి వచ్చింది. ఆ తర్వాత పక్కవాళ్ల పుస్తకాలు కూడా తీయడం మొదలుపెట్టింది. చదవడానికి ఇష్టపడని ప్రతి పిల్లకూ ఇప్పుడు నేను మొదట చేసేది ఈ కాగితాలు కుట్టి ఇవ్వడమే. రాతలో తప్పులను ఎర్ర సిరాతో దిద్దను. కావాలంటే చివరి పేజీలో సరైన మాట రాసి పెడతాను.

ఫోన్ ఇంట్లో ఉన్నప్పుడు దాన్ని పూర్తిగా మాన్పించడం కుదరదు. రాత్రి భోజనం తర్వాత పావుగంట ఇంట్లో అందరి ఫోన్లూ ఒకచోట పెట్టేయండి. నాన్నది కూడా. ఆ పావుగంట ఎవరికి నచ్చింది వాళ్లు చదవాలి.

ఇంగ్లీషు మీడియం పిల్లల తల్లిదండ్రులు తెలుగు చదివిస్తే ఇంగ్లీషు రాదేమోనని భయపడతారు. అది నిజం కాదు. అక్షరాల్లోంచి అర్థం తీయడం ఒక భాషలో పట్టుబడితే రెండో భాషలో మళ్లీ మొదటి నుంచి నేర్చుకోనక్కర్లేదు. అర్థమయ్యే భాషలో ముందు చదవనివ్వండి. ఒకపక్క తెలుగు, ఒకపక్క ఇంగ్లీషు ఉన్న పాఠ్యపుస్తకాలు మన పిల్లల దగ్గర ఉన్నాయి. ముందు తెలుగు పేజీ, తర్వాత ఇంగ్లీషు పేజీ చదివిస్తే రెండూ వస్తాయి. విదేశాల్లో ఉండి తెలుగు మాట్లాడే పిల్లలకూ ఈ ఇంటి మాటల అట్టముక్కలు, అమ్మమ్మ కథల పుస్తకం బాగా కుదురుతాయి. అమ్మమ్మ వీడియో కాల్‌లో కథ చెబితే సరి.

వేసవి సెలవుల ముందు

ఏప్రిల్ చివర మూతపడిన బడి జూన్ 12న తెరిచేదాకా ఏడు వారాలు. మార్చిలో ధారాళంగా చదివిన పిల్ల జూన్‌లో మళ్లీ కూడబలుక్కుంటుంది. అందుకే ఆఖరి పనిదినాన బీరువాలో పుస్తకాలు సర్దకండి, పంచేయండి. పిల్లకు మూడు చొప్పున ఇవ్వండి, వీధిలో పక్కపక్క ఇళ్ల పిల్లలకు వేర్వేరువి ఇవ్వండి, మార్చుకుంటారు. అమ్మమ్మగారి ఊరు వెళ్లే పిల్లలకూ ఇవ్వండి. రాసుకోవడానికి కుట్టిన ఖాళీ పుస్తకం ఒకటి జతచేయండి.

జూన్‌లో కొన్ని తిరిగి రావు. కొన్ని నీళ్లలో తడిసి వస్తాయి. డబ్బులు అడగకండి, పిల్లను అందరి ముందు నిలబెట్టకండి. ఒక్కసారి అడిగితే వచ్చే ఏడాది ఆ ఇంటికి పుస్తకం వెళ్లదు. ఒక ఏడాది నా దగ్గర తిరిగి రాని పుస్తకాల్లో ఒకటి మరుసటి దసరాకి వచ్చింది. ఆ పిల్లాడి చిన్న తమ్ముడు తెచ్చి ఇచ్చాడు. ఇంకా బడిలో చేరలేదు వాడు. "ఇది నాకొచ్చేసింది, ఇంకోటి ఇయ్యి సార్" అన్నాడు.